గురజాలలో ఆరని నక్షత్రం

మా అబ్జర్వేటరీలో కొత్తగా చేరినవాళ్ళు నన్ను చూడ్డానికి వస్తే ముందు టెలిస్కోపుల గురించి అడుగుతారు. ఎన్ని అంగుళాలు, అద్దం ఏ దేశానిది, ఇప్పుడైతే ఏ కెమెరా. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నాకు అద్దాల వల్ల వచ్చిన చిక్కులు తక్కువే, వియ్యంకుల వల్ల వచ్చినవే ఎక్కువ అని చెబితే నవ్వేసి టీ తాగి వెళ్ళిపోతారు. కూర్చుని వినే ఓపిక ఉన్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, పెన్షన్ కాగితం ఏ టేబుల్ మీద నిద్రపోయిందో ఇందులో ఉండదు. ఒక నక్షత్రం, ఒక వాచీల మెకానిక్కు, ఒక ఫారం, నేను చేసిన రెండు తప్పులు ఉంటాయి. తప్పులు మూడని మా మేడమ్ అనేవారు. ఆ లెక్క కూడా చెబుతాను.

పని ఏమిటంటే

అంగారకుడికీ బృహస్పతికీ మధ్య లెక్కలేనన్ని రాళ్ళు తిరుగుతుంటాయి. కొన్ని మన తాలూకా అంత ఉంటాయి. అయినా ఆ రోజుల్లో ఎంత మంచి టెలిస్కోపులో చూసినా అవి చుక్కల్లాగే కనిపించేవి. కొలుద్దామంటే అంచు దొరికేది కాదు. అయితే అప్పుడప్పుడు ఒక రాయి తన దారిన పోతూ ఏదో నక్షత్రానికి అడ్డం వస్తుంది. అడ్డం ఉన్న ఆ కాసిని సెకన్లు నక్షత్రం మనకు కనపడదు. అంటే ఆ రాయి నీడ మన ఊళ్ళ మీదుగా పరుగెత్తుకుంటూ పోతోందన్నమాట. నీడ తూర్పు నుంచి పడమరకు పోతుంటే, మనం ఉత్తరాన్నుంచి దక్షిణానికి వరసగా మనుషుల్ని కూర్చోబెట్టాలి. ఎవరికి ఎన్ని సెకన్లు ఆరిందో తెలిస్తే ఆ గీతలు ఒకదాని కింద ఒకటి పేర్చి రాయి ఎంతుందో గీయొచ్చు.

ఇందులో కొత్తవాళ్ళకు ఒక పట్టాన తలకెక్కని సంగతి ఒకటుంది. నక్షత్రం ఆరిందని చెప్పేవాడు ఎంత ముఖ్యమో, ఆరలేదని చెప్పేవాడూ అంతే ముఖ్యం. నీడ ఎక్కడిదాకా వచ్చి ఆగిపోయిందో చెప్పగలిగేది వాడొక్కడే. ఇది నాకు పుస్తకంలో చదివినప్పుడు బాగానే అర్థమైంది. మనుషుల మధ్యకు వెళ్ళాక మర్చిపోయాను.

సరంజామా పెద్దగా ఏమీ ఉండేది కాదు. మూడంగుళాల టెలిస్కోపు, షార్ట్‌వేవ్ రేడియో, టేప్‌రికార్డరు, ఆకాశం పటం. రేడియోలో టైం సిగ్నల్ సెకనుకొకసారి టిక్కుమంటూ ఉంటుంది. టేపు తిరుగుతుంటే, నక్షత్రం పోగానే ‘పోయింది’ అనాలి, రాగానే ‘వచ్చింది’ అనాలి. ఆ మాటలు ఏ టిక్కుకూ ఏ టిక్కుకూ మధ్య పడ్డాయో మేం ఆఫీసులో కూర్చుని తేల్చేవాళ్ళం.

ఎనభైల మధ్యలో, కళ్ళాల్లో మిరపకాయలు ఆరే రోజుల్లో, అలాంటి నీడ ఒకటి పల్నాడు మీదుగా పోతుందని లెక్క తేలింది. సాయంత్రం ఏడున్నర దాటాక. అందరూ మెలకువగా ఉండే వేళ, నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదని సంబరపడ్డాను. అందరూ మెలకువగా ఉండటమే కొంప ముంచుతుందని అప్పటికి తెలియదు.

మేడమ్ అంటే మా బాస్ సుభద్ర గారు. మాట తక్కువ, ఎర్ర పెన్సిలు ఎక్కువ. దక్షిణాన నరసరావుపేటలో తాను కూర్చుంటానన్నారు. వెల్దుర్తిలో ఒక సైన్సు మాస్టారు ముందే ఒప్పుకున్నారు. మాచర్ల, గురజాల నాకు అప్పగించారు. “నీది గుంటూరు జిల్లాయే కదా, మనుషుల్ని చూడు” అన్నారు. మాది తెనాలి. తెనాలివాడు పల్నాడు కూడా తనదేననుకుంటాడు. పల్నాడువాళ్ళకు అలాంటి అభిప్రాయమేమీ లేదని బస్సు దిగిన పది నిమిషాల్లో అర్థమైంది.

కోటయ్య గారి మేడ, మస్తాన్ గారి కన్ను

గురజాలలో ఎత్తయిన మేడ కావాలని అడిగితే అందరూ కోటయ్య గారి ఇల్లే చూపించారు. పెద్ద రైతు. ఒకప్పుడు సర్పంచి. దిగిపోయి చాలా కాలమైనా, కొత్తగా ఎక్కేవాళ్ళు ఆయన ఇంట్లో కాఫీ తాగే ఎక్కేవారు. మేడ ఇస్తానన్నారు, భోజనం కూడా ఇక్కడేనన్నారు. చూడ్డానికి నమ్మకమైన మనిషి కావాలంటే వీధి అరుగు వైపు చెయ్యి చూపించారు.

“మా మస్తాన్ ఉన్నాడుగా. పొద్దస్తమానం ఒంటికంటితో బతికేది వాడే.”

ఆ అరుగు మీద అద్దాల పెట్టె వెనక కూర్చుని మస్తాన్ గారు ఇరవై ఏళ్ళుగా వాచీలు బాగుచేస్తున్నారు. నలభై అయిదేళ్ళుంటాయి. కోటయ్య గారిని బాబాయ్ అని పిలిచేవారు. కోటయ్య గారు ఆ చోటుకు ఏనాడూ అద్దె అడగలేదు. ఊళ్ళో ఎవరి వాచీ ఆగినా ‘కోటయ్య గారి అరుగు’ అంటే చాలు. బోర్డు కూడా ఉండేది కాదు. ఆ అరుగే ఆయన షాపు, ఆయన చిరునామా.

మూడు సాయంత్రాలు ఆయనకు పని నేర్పాను. నేర్పాననే అంటాను, ఆ మాట తప్ప నాకు మిగిలిందేమీ లేదు కనుక. రెండో రోజుకే పటం చూసి నాకంటే ముందు నక్షత్రాన్ని పట్టేశారు. నేను ఎడమ కన్ను గట్టిగా మూసుకుని చూస్తుంటే, రెండు కళ్ళూ తెరిచే చూడాలని, మూస్తే చూసే కన్ను అలిసిపోతుందని ఆయనే నాకు చెప్పారు. వాచీ భూతద్దంతో ఆయన రోజూ చేసే పని అదే. మూడో రోజు ఒక ప్రశ్న అడిగారు. నక్షత్రం పోకపోతే ఏం చెప్పాలి?

పోకపోవడమేమిటి, ఏడు సెకన్లు పోతుంది అన్నాను. అది నా మొదటి తప్పు. కొత్తవాళ్ళు ఇది రాసిపెట్టుకోండి: చూడబోయేవాడికి ఏం కనపడాలో ముందే చెప్పకూడదు. చెబితే వాడు నక్షత్రాన్ని వదిలేసి మీ ముఖం చూస్తాడు.

మస్తాన్ గారు వదల్లేదు. ఒకవేళ పోకపోతేనో అన్నారు. అలాగైతే ఏమీ అనక్కర్లేదన్నాను.

“ఏం అనకపోతే నేను చూస్తన్నానో, కునుకు తీస్తన్నానో మీకెట్టా తెలుస్తది సార్?”

నవ్వేసి, టైముకు అయిదు నిమిషాల ముందు నుంచీ, తర్వాత పది నిమిషాల దాకా కన్ను తీయకుండా ఉండమని మాత్రం చెప్పాను. మా మాటలు విన్న కోటయ్య గారికి మాత్రం ఏడు సెకన్లన్న ముక్కే చెవిన పడింది. మర్నాటికి గురజాల అంతటి చెవినా పడింది.

ఇక మేడమ్ లెక్కలోని మూడో తప్పు. మాచర్లలో నేను కూర్చోవడానికి హనుమయ్య గారి కళ్ళం పక్కనున్న డాబా ఖాయం చేసుకున్నాను. ఆయన కోటయ్య గారి వియ్యంకుడని తెలిసి, ఒకే కుటుంబం, పని సులువని మురిసిపోయాను. వాళ్ళిద్దరి సంగతి ఊళ్ళో ఎవరినడిగినా చెప్పేవారు, నేనే అడగలేదు. ఒకరు ట్రాక్టరు కొంటే రెండోవారు ట్రాక్టరుతో పాటు జీపు కొనేవారు. ఒకరింటికి ఫోను వస్తే రెండోవారింటి ఫోనుకు కుట్టుపని చేసిన తొడుగు వచ్చేది. ఒకే నీడను ఇద్దరు వియ్యంకులకు పంచిపెట్టడానికి వెళ్ళిన మొదటి ఖగోళ శాస్త్ర ఉద్యోగిని నేనే అయ్యుంటానని మేడమ్ అనేవారు.

ఆ సాయంత్రం

మాచర్లలో గాలి కళ్ళం వైపు నుంచే వీస్తోంది. మిరప ఘాటుకు ముక్కు మండుతోంది. కళ్ళు తుడుచుకుంటూ, చుక్కను చూసుకుంటూ కూర్చున్నాను. అనుకున్న టైముకు నక్షత్రం టక్కున పోయింది. ఇన్నేళ్ళయినా ఆ క్షణం తలుచుకుంటే ఒళ్ళు పులకరిస్తుంది. ఆకాశంలో ఎక్కడో ఉన్న రాయి వచ్చి నా కంటికి చెయ్యి అడ్డం పెట్టినట్టుంటుంది. ‘పోయింది’ అన్నాను. ఒకటి, రెండు లెక్కపెట్టానో లేదో తుమ్ము వచ్చింది. కళ్ళు తెరిచేసరికి నక్షత్రం దాని చోట అది ఉంది. గభాలున ‘వచ్చింది’ అన్నాను. ఫారంలో మూడు సెకన్లని రాశాను. తుమ్ము సంగతి రాయలేదు. ప్రభుత్వ ఫారంలో తుమ్ముకు గడి లేదని నన్ను నేను సమాధానపరచుకున్నాను.

హనుమయ్య గారు ఏమీ చూడలేదు. అయినా నా మాట వినగానే కిందికి దిగి వియ్యంకుడికి ఫోను కలపమన్నారు. ఎక్స్‌ఛేంజీలో తెలిసినవాడే ఉండటంతో లైను వెంటనే కలిసింది. మా డాబా మీద ఆరింది బావగారూ, మీ మేడ మీద ఎన్ని సెకన్లు అని ఆయన అడగటం మెట్ల మీద నుంచి నాకూ వినపడింది. నవ్వుకున్నాను కూడా.

పెసరట్టు

మర్నాడు పొద్దున్నే బస్సులో గురజాల వెళ్ళాను. కోటయ్య గారు పెసరట్టు పెట్టించి, నింపిన ఫారం చేతికిచ్చారు. ఆయన గుమాస్తా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: నక్షత్రం పోయింది, వచ్చింది, ఏడు సెకన్లు. కింద పరిశీలకుడి సంతకం చోటు ఖాళీగా ఉంది. మస్తాన్ గారు గుమ్మం దగ్గర నిలబడి ఉన్నారు.

“ఏడు సెకన్లని నువ్వే గదయ్యా చెప్పింది,” అన్నారు కోటయ్య గారు. “మాచర్లలో ఆరిందంట. ఈడ ఆరకుండా ఎట్టా ఉంటది? వీడు ఏదో చుక్కను చూస్తా కూర్చున్నాడు. సంతకం పెట్టమని నువ్వన్నా చెప్పు.”

“పోలా బాబాయ్,” అన్నారు మస్తాన్ గారు. “పోని దాన్ని పోయిందని నేనెట్టా పెట్టేది సంతకం?”

“నా అరుగు మీద కూర్చుని నా మాట తప్పంటావేందిరా?”

సంతకం పెడితే అరుగు ఉంటుంది, లేకపోతే లేదు. ఆ సంగతి అక్కడున్న అందరికీ తెలిసింది, నాకూ తెలిసింది. మస్తాన్ గారు నావైపు చూశారు. నా చేతిలో పళ్ళెం ఉంది. ఒక్క మాట చాలు. ఆరకపోవడం కూడా ఫలితమేనండీ, ఇది ఆయన తప్పు కాదు అనాలి. నాకు తెలిసిన విషయమే, చెప్పడానికి జీతం తీసుకుంటున్న విషయమే. నేను అన్నది ఇది: మస్తాన్ గారూ, మీరు వేరే నక్షత్రం చూసి ఉండొచ్చు, ప్రస్తుతానికి సంతకం పెట్టండి, హైదరాబాదు వెళ్ళాక సరిచూస్తాం.

అది రెండో తప్పు. మిగతా రెండూ దీని ముందు లెక్కలోకి రావు.

ఆయన గుమ్మం వదిలి లోపలికి వచ్చారు. మేడ మీదికి వెళ్ళి టేప్‌రికార్డరులోంచి క్యాసెట్ తీసి, వాచీ అద్దాలు తుడిచే పసుపుపచ్చ గుడ్డలో చుట్టి నాకిచ్చారు.

“ఇది వినండి సార్. విన్నాక మీ ఇష్టం.”

తర్వాత అరుగు మీద సామాను సర్దుకోవడం మొదలుపెట్టారు. వెళ్ళమని ఎవరూ అనలేదు. ఉండమనీ ఎవరూ అనలేదు. అద్దాల పెట్టె భుజానికెత్తుకుని ఆయన వీధిలోకి దిగుతుంటే, ఇంకో పెసరట్టు వేయమంటారా అని లోపల్నుంచి అడిగారు. వద్దన్నాను. ఆ పూట నేను చూపించిన ధైర్యం అంతవరకే.

కొమ్ము మొలిచిన రాయి

హైదరాబాదులో మేడమ్ గీతలు గీశారు. నరసరావుపేటలో ఆరు సెకన్లు, వెల్దుర్తిలో అయిదు, మాచర్లలో మూడు. దక్షిణం నుంచి ఉత్తరానికి వచ్చేకొద్దీ చక్కగా తగ్గుతూ వస్తున్నాయి. గుండ్రటి రాయి అంచు అలాగే ఉండాలి. ఆ పైన గురజాలలో ఏడు. మేడమ్ ఎర్ర పెన్సిలుతో దాని చుట్టూ సున్నా చుట్టారు.

“రాయికి కొమ్ము మొలిచింది. దీన్నెవరు పెంచారు?”

నేను పసుపు గుడ్డ విప్పి క్యాసెట్ ఇచ్చాను. నిజం చెప్పాలంటే దారిలో వినే ధైర్యం నాకు లేకపోయింది.

టేపు మొదట్లో మస్తాన్ గారి గొంతు నెమ్మదిగా చెబుతోంది. పైన రెండు చుక్కలు జంటగా ఉన్నాయి, కుడిపక్క ఎర్రది ఒకటుంది, నడిమిది మనది. మేడమ్ పటం తీసి చూశారు. నక్షత్రం సరిగ్గా అదే. తర్వాత రేడియో టిక్కులు. ప్రతి టిక్కుకూ ఆయన గొంతు. ఉంది. ఉంది. ఉంది. మధ్యమధ్య ‘రెప్ప’ అని ఒక మాట. కన్ను ఆర్పినప్పుడల్లా అదీ చెప్పేశారు. వెనక కుర్చీల చప్పుడు, కాఫీ గ్లాసుల చప్పుడు, ఏడు సెకన్లు చూద్దామని మేడ ఎక్కినవాళ్ళ నవ్వులు. నీడ రావలసిన క్షణం వచ్చింది. ఉంది. దాటింది. ఉంది. కాసేపటికి మెట్లెక్కి వస్తున్న కోటయ్య గారి గొంతు, ఆయాసంతో.

“మాచర్లలో ఆరిందంట. చెప్పు, పోయిందని చెప్పు.”

టిక్కు.

“ఉంది.”

“ఒరేయ్ మస్తానూ, ఇంతమందిలో పరువు పోద్దిరా.”

టిక్కు.

“ఉంది బాబాయ్.”

పది నిమిషాలు చూడమన్నాను కదా. పది నిమిషాలూ అలాగే చెప్పారు. ఎవరో పక్కనుంచి వెక్కిరించినట్టు నవ్వారు. మాట మారలేదు. ఏమీ అనకపోతే తాను చూస్తున్నట్టు మాకెలా తెలుస్తుందని ఆయన ముందే అడిగారు. నేను జవాబు చెప్పలేదు కనుక, జవాబు ఆయనే కనిపెట్టుకున్నారు.

మేడమ్ టేపు ఆపి, నా క్యాసెట్ పెట్టారు. ‘పోయింది’ అన్న రెండు టిక్కులకు, గది అదిరేలా తుమ్ము.

“ఆయన రెప్పలు కూడా లెక్క చెప్పాడు. నువ్వు ఇంత పెద్ద తుమ్ము దాచావు,” అన్నారు. నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వబోయాను. “సరే. ఆయన పోలేదన్నప్పుడు నువ్వేమన్నావు?”

చెప్పాను. పెసరట్టుతో సహా చెప్పాను. ఆవిడ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“ఇప్పుడెక్కడ కూర్చుంటున్నాడు ఆయన?”

తెలియదన్నాను. ఖాళీ ఫారం ఒకటి నా ముందుకు తోశారు.

“కనుక్కుని రా.”

హద్దు రాయి

బస్సులో దారి పొడుగునా కోటయ్య గారికి ఏం చెప్పాలా అని ఆలోచించాను. రాళ్ళూ సెకన్లూ ఆయనకు పట్టవు. పట్టేదేమిటో గురజాల కోర్టు ముందు బస్సు ఆగినప్పుడు తట్టింది. పొలం గట్టు గురించి ఆయన ఆ కోర్టు మెట్లు ఎక్కుతూ దిగుతూ సగం జన్మ గడిపారని ఆ మూడు సాయంత్రాల్లో మూడుసార్లు విన్నాను.

నీడను ఒక పొలం అనుకోండి అన్నాను ఆయనతో. నరసరావుపేట, వెల్దుర్తి, మాచర్ల, ఈ మూడూ పొలం లోపలివి. లోపలున్నవాళ్ళు ఎంతమంది ఉన్నా పొలం ఎంతుందో తేల్చలేరు. పొలం ఇక్కడితో అయిపోయిందని చెప్పే హద్దు రాయి ఒకటి కావాలి. అది ఈ మేడ మీదే ఉంది. దాన్ని పాతింది మస్తాన్. మీరు ఏడు సెకన్లని రాయిస్తే హద్దు రాయి పీకేసినట్టు.

ఆయన మీసం దువ్వుకున్నారు.

“అంటే హనుమయ్య లోపలోడు. హద్దు మాది. అంతేనా?”

అంతేనన్నాను. సాయంత్రానికి ఊరంతా అదే మాట. ఆ రాత్రి మాచర్లకు ఫోను వెళ్ళే ఉంటుంది, నేను వినలేదు. ఆయన్ని తక్కువ చేసి చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆ పూటే ఆయన నాతో పాటు బస్టాండు దాకా నడిచి వచ్చారు. టీ బంకు పక్కన అద్దాల పెట్టె పెట్టుకుని మస్తాన్ గారు భూతద్దంలోంచి ఏదో చూస్తున్నారు. కోటయ్య గారు కాసేపు అటూ ఇటూ చూసి, తప్పు నాదేరా అని ఒక్క ముక్కలో అనేశారు. అరుగు ఖాళీగా ఉంది, రమ్మన్నారు. ఆ మాట ఆయన ఎంత కష్టపడి అన్నారో నాకు తెలుసు. నేను ఇంకా అనలేదు.

మస్తాన్ గారు లేచి నిలబడి, టీ తెప్పించారు. పాత ప్రేమతోనే బాబాయ్ అన్నారు. అరుగుకు మాత్రం రానన్నారు.

“ఈడనే బాగుంది బాబాయ్. బస్సు తప్పినోళ్ళకే గదా వాచీ గుర్తొచ్చేది.”

కోటయ్య గారు నవ్వి, గ్లాసు ఖాళీ చేసి వెళ్ళిపోయారు. ఆయన వీధి మలుపు తిరిగేదాకా మస్తాన్ గారు చూస్తూనే ఉన్నారు.

నేను కొత్త ఫారం తీసి ముందు పెట్టాను. నేను ఆ పొద్దున అనవలసిన మాట అనలేదు, మీ అరుగు నా వల్లే పోయింది, నన్ను క్షమించండి అన్నాను. ఆయన పెన్ను అడిగి తీసుకుని, ఫలితం గడిలో ‘పోలేదు’ అని రాసి సంతకం పెట్టారు. తర్వాత ఫారం చివరిదాకా చదివారు. అడుగున చిన్న అక్షరాల్లో ఒక గీత ఉంటుంది: ఈ పరిశీలకుడి మాట నమ్మదగినదని ధ్రువీకరిస్తున్నాను. శిక్షణ ఇచ్చినవారు సంతకం చేయాలి. మేం వాటిని ఆఫీసులో కట్టగా పెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ గీకి పారేసేవాళ్ళం.

“ఈ గీత మీదా సార్?” అన్నారు.

నాదే, ఆఫీసుకెళ్ళాక పెడతానన్నాను. ఆయన ఫారం నావైపు తిప్పి, ఎగిరిపోకుండా మూల మీద ఒక ఆగిన వాచీ పెట్టారు.

“ఈడనే పెట్టండి. నేను చూసింది నేను రాశా. నన్ను నమ్మానని మీరు రాయాల.”

ఆ తర్వాత ఎన్నో సంతకాలు పెట్టాను. ఆ గీత మీది ప్రతి మాటా చదివి పెట్టడం ఆ రోజే మొదలు. పెట్టాను. టైం కూడా వేయండి సార్ అన్నారు. నేను నా వాచీ చూసుకోబోతే అడ్డంగా తలూపారు. మీది నిమిషం వెనకుంది అన్నారు. ఆయన చెప్పిన టైమే వేశాను.